కొసరు మక్కలు

మంగళవారం మధ్యాహ్నం జనార్ధనరావు గారు క్లీనింగ్ రిజిస్టరు పట్టుకుని ఆఫీసు గదికి రమ్మంటే, తిరుపతి ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాతే రిజిస్టరు ముట్టుకున్నాడు. దాని మీద పిసరంత దాణా పొడి పడినా అతనికి చెడ్డ కోపం. అట్టకు పాత క్యాలెండరు కాగితంతో తనే తొడుగు వేసుకున్నాడు. ఫ్యాక్టరీలో ఇన్ని రిజిస్టర్లున్నాయి గాని, సంతకం పెట్టేవాడు ఇంత మురిసిపోయే రిజిస్టరు మాత్రం అదొక్కటే.

నాచారం పారిశ్రామికవాడలో ఆ దాణా ఫ్యాక్టరీ చిన్నది. మిషన్ లైను ఒక్కటే. వారంలో నాలుగు రోజులు కోళ్ళ దాణా, శుక్రవారం పాడిపశువుల దాణా, శనివారం గుర్రాల దాణా. మూడేళ్ళ కిందట గుర్రాల దాణా మొదలైనప్పుడు, శనివారం పొద్దున్నే లైనంతా శుభ్రం చేసే పని తిరుపతి చేతికొచ్చింది. ఇవి పోటీల్లో దూకే గుర్రాలనీ, టీ చుక్క కడుపులోకి పోయినా పరీక్షలో దొరుకుతుందనీ జనార్ధనరావు గారు చెప్పారు. అంతే, అప్పటినుంచి శనివారం వచ్చిందంటే ఆ మనిషితో వేగడం కష్టమైపోయింది. టీ ఫ్లాస్కును గేటు దాటి రానివ్వడు. ఎవరి జేబులోనైనా బిస్కెట్ పొట్లం కనబడితే బయట పెట్టి రమ్మంటాడు.

“ఏందన్నా, గుర్రాలకు నువ్వేమన్న మేనమామవా?” అని బస్తాలు కుట్టే పద్మశ్రీ ఎగతాళి చేస్తే, “అవ్, మేనమామనే. నీకేమైంది?” అంటాడు.

ఆఫీసు గదిలో ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోవడం లేదు. ఉప్పల్ దాటాక ఘట్‌కేసర్ రోడ్డులో ఉన్న గుర్రపుస్వారీ స్కూలు తరఫున పోటీలకు వెళ్ళే హరిణి. ఆమె పేరు తిరుపతి విన్నాడు గాని మనిషిని చూడడం ఇదే మొదలు. స్వారీ స్కూలు నుంచి బస్తాల కోసం ఎప్పుడూ గుర్రాల పనివాడు మొగిలయ్య వచ్చేవాడు.

“గత నెల పోటీల్లో మా బిజిలీకి పరీక్ష చేశారు. థియోబ్రోమిన్ దొరికింది,” అంది హరిణి. ఆ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, గొంతులో తడి లేదు.

తిరుపతి యజమాని వైపు చూశాడు.

“చాక్లెట్లో, టీలో ఉండే పదార్థమయ్యా,” అన్నారు జనార్ధనరావు గారు. ఆయన ప్రభుత్వ పరిశోధన సంస్థలో చేసి రిటైరైన మనిషి. ఏదైనా నిదానంగా, పాఠం చెప్పినట్టే చెబుతారు. “గుర్రాన్ని హుషారెక్కిస్తుందని పోటీల్లో నిషేధం. మన పశువుల దాణాలో కోకో పొట్టు కలుపుతాం కదా. అందుకని అనుమానం మన దగ్గరికీ వచ్చింది.”

“బిజిలీకా!” అన్నాడు తిరుపతి. ఆ గుర్రాన్ని అతను ఫోన్‌లో తప్ప చూడలేదు. మొగిలయ్య చూపించిన వీడియోలో అది గోధుమరంగు మెరుపులా కర్రల మీంచి దూకింది. “నా లైనుల అసొంటిది ఉండనే ఉండదు సార్. కావాల్నంటే పరీక్ష చేసి సూడుండ్రి.”

“చూశామయ్యా. ఆ బస్తా తయారైన శనివారం లైను చివర తీసి దాచిన నమూనా ల్యాబుకు పంపాను. శుభ్రంగా ఉందని వచ్చింది.”

“ఇంకో సంగతి. మా ఇంకో గుర్రం సుల్తాన్ కూడా అదే బస్తా తిన్నాడు. వాడి పరీక్షలో ఏమీ లేదు,” అంది హరిణి. “అంటే దాణా కాదు. మీరు శుభ్రం చేసినట్టు రిజిస్టరు నకలు మీద సంతకం చేసిస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటాం.”

తిరుపతి తన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా రాశాడు. పెన్ను తిరిగిస్తూ, “పెట్టినోడు ఎవడో గాని మేడం, వాన్ని ఊకెనే ఇడవకుండ్రి. నోరులేని జీవికి గట్ల చేస్తరా?” అన్నాడు. కోపంతో అతని చెవులు ఎర్రబడ్డాయి. పోటీలు జరిగిన ఊళ్ళో గిట్టనివాడెవడో ఈ పని చేసి ఉంటాడనే అనుకున్నాడు.

గురువారం పొద్దున కోళ్ళ దాణా లైను నడుస్తుండగా, గేటు దగ్గర నీకోసం ఎవరో వచ్చారని పద్మశ్రీ వచ్చి చెప్పింది. వెళ్ళి చూస్తే మొగిలయ్య. చేతిలో జిప్పు చెడిపోయిన సంచీ. ఎప్పుడూ వెంట ఉండే ట్రాలీ ఆటో లేదు.

“ఏంది బావా, గురువారం నాడు అచ్చినవ్? ఆటో ఏది?”

“ఇగ నాకు ఆటోతోని పని లేదు బావా,” అన్నాడు మొగిలయ్య. “మంగళారం పొద్దుగూకంగ రూం ఖాళీ జెయ్యమన్నరు. మౌలాలిల మా అక్క ఇంట్ల ఉంటున్న.”

“ఎందుకు?”

“బిజిలీకి నేను టీ తాగవెట్టిన్నట. చాక్లెట్ బిస్కెట్లు తినవెట్టిన్నట. గడ్డి రూంల నా టీ గిలాస దొరికిందట.”

మొగిలయ్య గుర్రాల పని ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. ఇక్కడ బస్తాలు ఎక్కించుకోవడానికి వచ్చినప్పుడు టీ తాగితే, మూడుసార్లు పుక్కిలించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని గాని ఆటో ఎక్కేవాడు కాదు. ఆ కడుక్కోవడం చూసే తిరుపతికి అతనంటే గౌరవం కలిగింది, వరసలు కలిశాయి.

“ఎవలన్నరు గా మాట?”

“హరిణి మేడమే రాసిచ్చింది. దాణా సాఫ్‌గున్నదని మీ ఫ్యాక్టరీ నుంచి కాయిదం తెచ్చిన్రు. దాణాల లేదంటే పెట్టిన చేతిలనే ఉన్నట్టు గదా. మేనేజరు ఆ కాయిదం నా ముంగట పెట్టిండు.” మొగిలయ్య సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. “కింద నీ సంతకం ఉన్నది బావా.”

తిరుపతి గేటు ఊచ పట్టుకున్నాడు. మంగళవారం తను అన్న మాట, వాన్ని ఊకెనే ఇడవకుండ్రి అన్నది, గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది.

“నాకు తెల్వదు బావా. మా అవ్వ తోడు. నీ గురించని నాకు తెల్వదు.”

“తెల్వదనే అచ్చిన. లేకుంటే ఎందుకస్త?” మొగిలయ్య కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. “నౌకరి పోయినందుకు గాదు. ఇరువై రెండేండ్లల ఒక్క గుర్రాన్ని కొరడతోని కొట్టలే. నేను మందు పెట్టిన్నంటున్రు. ఇగ ఏ గుర్రాల స్టేబులోడు నన్ను గేటుల అడుగు పెట్టనిస్తడు?”

తిరుపతి బుర్ర ఆగకుండా తిరుగుతోంది. తన సంతకం అబద్ధం కాదు. మొగిలయ్య దొంగ కాడు. మరి ఆ పాడు పదార్థం గుర్రం కడుపులోకి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

“ఒక్క పని జెయ్యి బావా,” అన్నాడు మొగిలయ్య. “శనివారం మేడంను పిలిచి నీ పని అంత జర సూపియ్యి. నీ లైనుల ఉంటే ఉన్నదని తేలుతది. లేకుంటే లేదు.”

ఇంకెవరైనా ఆ మాట అంటే తిరుపతి కొట్టడానికి వెళ్ళేవాడు. అతనికి రోషం వచ్చిన మాట నిజమే. కాని ఆ రోషంలోనే ఆఫీసుకు వెళ్ళి జనార్ధనరావు గారి చేత హరిణికి ఫోన్ చేయించాడు. అటువైపు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. పోటీల సంఘానికి సంజాయిషీ ఉత్తరం సోమవారంలోగా పంపాలట, అది రాయడం అయిపోయిందట. తిరుపతి ఫోన్ అడిగి తీసుకుని, “ఒక మనిషి బతుకు మేడం. గంట సేపు వచ్చి పోండ్రి,” అన్నాడు. చివరికి ఆమె సరేనంది.

శనివారం ఎనిమిదింటికల్లా హరిణి వచ్చింది. చేతులు కడుక్కుని, చెప్పులు విడిచి లోపలికి రమ్మంటే మారుమాట్లాడకుండా అలాగే చేసింది. ముందురోజు నడిచిన పశువుల దాణా వాసన షెడ్డులో ఇంకా ఉంది. కోకో పొట్టు వాసన తియ్యగా, కాస్త మాడినట్టుగా ఉంటుంది. ఆమె ముక్కు చిట్లించింది.

“జర ఆగుండ్రి మేడం. గంటల ఈ వాసన మాయమైతది,” అన్నాడు తిరుపతి.

అతను పని మొదలుపెట్టాడు. ముందు దాణా పైకెక్కే గొట్టాన్ని చెక్కసుత్తితో కింది నుంచి పై దాకా కొట్టుకుంటూ నిచ్చెనెక్కాడు. లోపల అంటుకున్న పొడి జలజలా రాలింది. కలిపే డ్రమ్ము మూత తీసి, తల లోపలికి పెట్టి, రెక్కల సందుల్లో బ్రష్షు తోశాడు. ఇనుపరజను పట్టే అయస్కాంతం పళ్ళాన్ని గుడ్డతో తుడిచి ఆ గుడ్డను వెంటనే బయట పారేయించాడు. గాలి పైపు పెట్టి మూలమూలా ఊదాడు. అంతా అయ్యాక రెండు బస్తాల మక్క నూక, అంటే మొక్కజొన్న రవ్వ, లైనులో పోసి మిషన్ ఆన్ చేశాడు.

“ఏ సందులనన్న పాత దాణా మిగిలి ఉంటే గీ నూక దాన్ని ఊడ్చుకొని అస్తది,” అని మిషన్ హోరులో అరిచి చెప్పాడు. లైను చివర ఖాళీ పీపా పెట్టాడు. మొదట వచ్చిన నూక కాస్త గోధుమరంగులో ఉంది. రానురాను పసుపెక్కింది. చివరి గుప్పెడు దోసిట్లో పట్టి హరిణి ముందు పెట్టాడు. “సూడుండ్రి. బంగారం లెక్క లేదూ?”

హరిణి అంతా ఫోన్‌లో వీడియో తీస్తోంది. “మీరింత చేస్తారని నేననుకోలేదు,” అంది. ఆ మాటకి తిరుపతి ఛాతీ ఉబ్బింది. జనార్ధనరావు గారు కూడా నవ్వుతూ నిలబడ్డారు. తన మనిషి పనితనం నలుగురిలో చూపించుకోవడం ఆయనకీ బాగానే ఉన్నట్టుంది.

తర్వాత గుర్రాల దాణా పడింది. ఓట్స్, బార్లీ, తవుడు, ఉలవలు కలిసి లైను చివర బస్తాల్లోకి దిగాయి. హరిణి తనే ఒక కవరులో నమూనా పట్టుకుంది. తిరుపతి మొదటి బస్తాను పద్మశ్రీ కుట్టు మిషన్ దాకా జరిపాడు. ఆమె దారం సరిచేసుకునేలోగా, ప్రతి శనివారం చేసే పనే కాబట్టి ఆలోచించకుండా, పక్కనున్న పీపాలోంచి రెండు చేటల మక్క నూక తీసి బస్తా మూతి దగ్గర ఒంపాడు. చేత్తో చదును చేశాడు.

“అదేంటి?” అంది హరిణి.

“కొసరు మేడం,” అన్నాడు తిరుపతి నవ్వుతూ. “తూకం తూకమే. గిది పైన కొసరు. కూరగాయల బండోడు గూడ రెండు మిరపకాయలు ఎక్కువ ఏస్తడు గదా. గుర్రాలు మనకు మస్తు పేరు తెస్తున్నయి, వాటికి ఉత్తగ ఎట్ల పంపాలె?”

“ఆ నూక ఎక్కడిది?”

“గదే మేడం, ఇందాక మిషన్ల పోసి తీసినం గదా. లైనంత ఊడ్చుకొచ్చిన...”

తన నోట్లోంచి వస్తున్న మాట తన చెవినే పడి తిరుపతి ఆగిపోయాడు.

పద్మశ్రీ కుట్టు మిషన్ మీంచి చెయ్యి తీసేసింది. తిరుపతి బస్తా మూతి వైపు చూశాడు. పచ్చగా, శుభ్రంగా, కంటికి ఇంపుగా ఉంది నూక. లైనులో మిగిలిన పాత దాణాను, కోకో పొట్టుతో సహా, అది ఊడ్చుకొస్తుందని ఇందాక అరిచి చెప్పింది తనే. ఊడ్చుకొచ్చిన దాన్ని ఎవరికి పెడుతున్నానన్నది మూడేళ్ళలో ఒక్కరోజు కూడా తట్టలేదు. వంచిన వీపు వంచినట్టే ఉండిపోయింది.

“ఏమయ్యా!” జనార్ధనరావు గారు ముందుకొచ్చారు. “అది పశువుల దాణా పీపాలోకి కదా పోవాలి? గోడ మీద పెట్టిన కాగితంలో వివరంగా రాసి ఉంది కదా!”

“కాయిదం ఇంగ్లీషుల ఉన్నది సార్,” అన్నాడు తిరుపతి. ఫిర్యాదు చేసినట్టు అనలేదు. “మిషన్ల నూక పొయ్యాలని మీరు నోటితోని చెప్పిన్రు. అచ్చినంక ఏం జెయ్యాల్నో నేను అడగలే.”

జనార్ధనరావు గారు తన మొదటి ఉలికిపాటు నుంచి తేరుకున్నారు. నమూనాలన్నీ లైను చివర తీసినవే, పైన ఒంపే కొసరు ఏ పరీక్షకూ అందదు. ఆ సంగతి ఆయనకు అందరికంటే ముందు తట్టింది. హరిణి వైపు తిరిగి, “కంగారులో ఏదో చేశాడమ్మా. మీరొచ్చారని హడావిడి పడ్డాడు. మామూలుగా ఇలా చేయడు,” అన్నారు. తర్వాత తిరుపతి కళ్ళలోకి చూస్తూ అడిగారు. “అవునా తిరుపతీ? ఇవాళే కదా?”

తలకాయ ఒక్కసారి ఊపితే చాలు. అది తిరుపతికి అర్థమైంది. రిజిస్టరులో నూక పోశారా అన్న గడి ఉంది గాని, ఎక్కడికి పోయిందన్న గడి లేదు. అబద్ధమని చెప్పగలిగింది పద్మశ్రీ ఒక్కతే, ఆమె నేల చూపులు చూస్తోంది. తల ఊపితే సోమవారం ఇక్కడికే పనిలోకి రావచ్చు. సోమవారమే మొగిలయ్య పేరు ఉత్తరంలో దోషి పేరై వెళ్ళిపోతుంది.

“లేదు సార్,” అన్నాడు. “మూడేండ్ల సంది ప్రతి శనివారం గిట్లనే పోస్తున్న. ప్రతి బస్తాల.”

జనార్ధనరావు గారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, అరవలేదు. “ఇవాళ్టికి ఇంటికెళ్ళు. పిలిచినప్పుడు వద్దువు గాని,” అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో నాచారంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తిరుపతి బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే హరిణి వెనకే వచ్చింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. “ఆ కాగితం మీ చేత సంతకం చేయించింది నేనే,” అంది. “మొగిలయ్య ఉండే ఇల్లు తెలుసా మీకు?”

మౌలాలి గుట్ట కింద, రైలు పట్టాల పక్క సందులో రేకుల ఇల్లు. హరిణి స్కూటీ లోపలికి పోక మలుపులోనే ఆపేశారు. మొగిలయ్య వాకిట్లో మంచం పక్కన కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. హరిణిని చూసి గబుక్కున లేచాడు. లేచిన కంగారులో కాయలు ఒడిలోంచి నేల మీద పడిపోయాయి.

“బిజిలీ మంచిగున్నదా మేడం?” అని అడిగాడు ముందు.

“బాగుందన్నా. తప్పు నాది,” అంది హరిణి. “నిన్ను అడగనైనా అడగకుండా రాసిచ్చాను. ఉత్తరంలో నీ పేరు తీసేస్తాను. మేనేజరుతో కూడా మాట్లాడతాను. నాకు పడే శిక్ష ఎలాగూ పడుతుంది. గుర్రం నోట్లోకి పోయే ప్రతిదానికీ స్వారీ చేసేవాళ్ళదే బాధ్యత. ఆ రూలు నేర్చుకునే రోజుల్లోనే చదివాను, చదివి కూడా నీ మీదికి తోశాను.”

మొగిలయ్యకు ఆ మాటలు సగమే ఎక్కాయి. “మరి ఏడికెళ్ళి అచ్చింది?” అంటూ తిరుపతి వైపు చూశాడు.

తిరుపతి చెప్పాడు. ఎక్కడా నాన్చకుండా, మిషన్ కడిగిన నూక సంగతీ, కొసరు సంగతీ, తన నోటితో తను చెప్పుకుని ఆగిపోయిన సంగతీ అంతా చెప్పాడు. నా చేతులతోనే నిన్ను ఎల్లగొట్టిన బావా అన్నాడు. మొగిలయ్య తిడతాడనీ, కనీసం మొహం తిప్పుకుంటాడనీ అనుకున్నాడు.

మొగిలయ్య తిట్టలేదు. “ఏ మక్కలు?” అన్నాడు.

“కొసరు ఏసిన నూక బావా.”

“బస్త మూతి ఇప్పంగనే పైన పచ్చగ ఉంటది, గదేనా?”

“గదే.”

“తియ్యగ వాసనొస్తది. గదేనా?”

“అవ్ బావా.”

మొగిలయ్య మెల్లగా మంచం పట్టె మీద కూర్చున్నాడు. పట్టాల మీద గూడ్సు బండి పోయింది, అది పోయేదాకా ఆగాడు.

“మేడం, సుల్తాన్ పరీక్షల ఎందుకు రాలేదో నాకు ఎరుకైంది,” అన్నాడు.

హరిణి తలెత్తింది.

“గవి సుల్తాన్‌కు నేను ఎయ్యలే. బస్త ఇప్పంగనే పైన ఉన్న నూకంత ఎత్తి అలగ్ డబ్బల పోసేటోన్ని. బిజిలీకి గదంటే పానం. నా అడుగుల సప్పుడు ఇని తలుపు మీద మెడ పెట్టి ఎదురుసూసేది.”

“బావా, ఊకో,” అన్నాడు తిరుపతి గాభరాగా. ఈ మనిషి పేరు నిలబెట్టడానికి తను పొద్దున ఏం పోగొట్టుకుని వచ్చాడో తనకు తెలుసు. “ఇప్పుడు గా ముచ్చట ఎందుకు? అయిపాయె గదా.”

మొగిలయ్య ఊరుకోలేదు. మాట్లాడుతున్నది వాళ్ళతోనో తనతోనో తెలియనట్టు మాట్లాడుతూ పోయాడు. “పోటీల ఊరికి పోయినంక కొత్త జాగాల మూడు దినాలు దాణా ముట్టలే. గడ్డి గూడ వాసన సూసి ఇడిసిపెట్టింది. నాకు పానం ఆగలే. డబ్బల ఉన్న నూక మొత్తం నానబెట్టి, బెల్లం గూడ ఎయ్యకుండ, రూలుకు తప్పొద్దని ఉత్తదే, నా చేతులతోని ముద్దలు చేసి తినవెట్టిన. నాలుగు పూటలు. మొత్తం తిన్నది. నా అరచెయ్యి నాకింది. తెల్లారి దుంకినప్పుడు మీరే అన్నరు గదా మేడం, ఎన్నడు లేనంత హుషారుగున్నదని. నేను తినవెట్టవట్టే గట్లున్నదని సంబరపడ్డ.”

హరిణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తిరుపతి నేల మీది కాయలు ఏరి చేటలో వేస్తున్నాడు. ఇద్దరు మనుషులు పోటీలు పడి ప్రేమ చూపించారు, ఆ ప్రేమంతా ఒక్క గుర్రం మీదే పడింది. ఎవర్ని తిట్టుకోవాలో అతనికి అర్థం కాలేదు.

“ఇది నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదన్నా,” అంది హరిణి చివరికి.

“తెల్వకుంటే నేను మళ్ళ పెడుదును గదా.”

హరిణి స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. “రేపు పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్. మంగళవారం నుంచి బిజిలీ సరిగా తినడం లేదు. ఎవరు పెట్టినా వాసన చూసి మొహం తిప్పేస్తోంది.”

మొగిలయ్య మొహంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. భుజం మీది తువ్వాల తీసుకుని, ఇప్పుడే బయల్దేరేవాడిలా లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

“అస్త మేడం. అచ్చి ఏం పెట్టాలె?” అన్నాడు. “ఇరువై రెండేండ్లు నాకు ఒక్కటే తెలుసు. గుర్రం ఇష్టంగ తింటే మంచిగ పెట్టినట్టు. రేపు నేను పెట్టింది బిజిలీ ఇష్టంగ తిన్నదనుకోండ్రి. నేను సంబరపడాల్నా, భయపడాల్నా?”

హరిణి అతను లేచిన మంచం మీద కూర్చుండిపోయింది.